నలభై రెండు నిమిషాల తర్వాతి ఆకాశం

బెతెల్ పట్నం నుంచి ఇంగ్రిలిక్ ఊరికి విమానం దారిలో తొంభై ఆరు మైళ్ళు. చలికాలంలో మంచుబండి మీద ఐదు గంటలు, అదీ నది గట్టిగా గడ్డకట్టి ఉంటే. వేసవిలో పడవ మీద రోజంతా. విమానంలో నలభై రెండు నిమిషాలు. ఈ మూడింట్లో అగాఫియాకి పనికొచ్చే లెక్క చివరిదొక్కటే, ఎందుకంటే ఆమె సరుకు వచ్చేది విమానంలో.

ఇంగ్రిలిక్‌లో ఉన్న ఒకే ఒక్క కొట్టు ఆమెది. విమాన కంపెనీకి ఊళ్ళో ఏజెంటు కూడా ఆమే. విమానం దిగే వేళకి మంచుబండి వెనక బల్లబండి కట్టుకుని రన్‌వే దగ్గరికి వెళ్ళడం, దిగినవాళ్ళనీ సరుకునీ ఊళ్ళోకి చేర్చడం, ఎక్కేవాళ్ళని ఎక్కించడం ఆమె పని. అంతకన్నా పెద్ద పని ఇంకోటి ఉంది. విమానం బయల్దేరే ముందు బెతెల్ ఆఫీసు నుంచి బెర్నీ ఫోన్ చేసి, ఏం కనిపిస్తోందని అడుగుతాడు. వాతావరణం కొలిచే యంత్రమొకటి రన్‌వే పక్కన పెట్టారు గానీ ఏడాదిలో సగం రోజులు అది నోరు విప్పదు. అందుకని మనిషి కళ్ళే గతి. ఆ కళ్ళకి మూడు గుర్తులు. అర మైలు దూరంలో ఊరి చమురు ట్యాంకులు. రెండు మైళ్ళ దూరంలో, నది సముద్రంలో కలిసే వైపు, మూతపడ్డ చేపల ఫ్యాక్టరీ పొగగొట్టం. ఐదు మైళ్ళ దూరంలో, సముద్రం ఒడ్డున, కొండ. కొండ కనిపిస్తే విమానం వస్తుంది. పొగగొట్టం దాకానే కనిపిస్తే బెర్నీ పైలట్‌తో మాట్లాడి చూస్తాడు. ట్యాంకులు మాత్రమే కనిపిస్తే ఆ రోజుకి విమానం లేదు.

పన్నెండేళ్ళుగా అగాఫియా ఈ పనికి తనదైన పద్ధతి ఒకటి పెట్టుకుంది. బెర్నీ అడిగేది ఇప్పుడేం కనిపిస్తోందని. కానీ విమానం వచ్చేది ఇప్పుడు కాదు, నలభై రెండు నిమిషాల తర్వాత. ఇప్పటి ఆకాశంతో పైలట్‌కి ఏం పని? అతనికి కావలసింది తాను దిగేటప్పటి ఆకాశం. అందుకని ఆమె గాలి ఎటునుంచి వీస్తోందో చూసేది, సముద్రం పోటు మీద ఉందో ఆటు మీద ఉందో చూసేది, మబ్బు అంచులు చూసేది. అన్నీ కూడి, తీసి, నలభై రెండు నిమిషాల తర్వాత ఏముంటుందో అది చెప్పేది. కొండ ఎదురుగా కనిపిస్తున్నా, కాసేపట్లో మూసుకుపోతుందని తోస్తే కనిపించడం లేదని చెప్పిన రోజులున్నాయి. కనిపించకపోయినా కనిపిస్తోందని చెప్పిన రోజులూ ఉన్నాయి. ఇన్నేళ్ళలో ఒక్కటీ తప్పలేదు. తప్పని లెక్కని అబద్ధమని ఎవరంటారని ఆమె ధీమా.

ఆ ఏప్రిల్ చివరి వారానికి ఇంగ్రిలిక్‌లో విమానం దిగి పదకొండు రోజులయింది. ఒడ్డుకి దూరంగా సముద్రం మీది మంచుపలక పగిలి నీళ్ళు బయటపడ్డాయి. ఆ నీళ్ళ మీంచి పొగమంచు లేచి రోజూ ఊరి మీదికి వస్తోంది. కొట్టులో కాఫీ లేదు, పాలపొడి లేదు, పసిపిల్లల డైపర్లు లేవు, గట్టి బిస్కెట్ల పెట్టె ఒక్కటే మిగిలింది. ఎండుచేపలు, సముద్రపు సీల్ జంతువు నూనె ప్రతి ఇంట్లోనూ ఉన్నాయి కాబట్టి ఆకలి భయం ఎవరికీ లేదు. కానీ కాఫీ లేని ముసలివాళ్ళు పొద్దున్నే కొట్టుకొచ్చి, ఖాళీ అరల ముందు నిలబడి, ఆమె ముఖం చూసి వెళ్ళిపోతున్నారు. ఏమీ అనరు. అదే ఆమెకి ఎక్కువ బాధ.

ఆడవాళ్ళు మాత్రం ఇంకో మాట అడిగి నవ్వేవాళ్ళు. నీ మొగుడు ఎప్పుడొస్తున్నాడని. అగాఫియా భర్త అంగాల్గక్ నిరుడు మొదటి మంచు పడ్డ వారంలో గుండె ఆగి పోయాడు. ఈ నెల మొదట్లో ఆమె కూతురు నెల్లీ బెతెల్ ఆసుపత్రిలో మగపిల్లాణ్ణి కంది. ఊళ్ళో ఎవరైనా పోతే, ఆ తర్వాత పుట్టినవాడికి పోయినవాడి పేరు పెడతారు. పేరుతో పాటు వరసలూ వస్తాయి. పసివాడు నెల్లీకి కొడుకే కాదు, తండ్రి కూడా. అగాఫియాకి మనవడే కాదు, మొగుడు కూడా. వచ్చే గురువారం డాక్టరు చూసి పంపిస్తాడని కబురొచ్చింది. అంగాల్గక్ కూర్చునే కుర్చీ మీద పేరుకుపోయిన సరుకు పెట్టెలన్నీ ఆమె అప్పుడే తీసి పక్కన పెట్టింది.

ఆ రోజు ఒంటిగంట దాటి ఐదు నిమిషాలకి బెర్నీ ఫోన్ చేసేసరికి పొగమంచు ఊరిని కమ్మేసి ఉంది. కిటికీలోంచి ట్యాంకులు కనిపిస్తున్నాయి. పొగగొట్టం లేదు. కొండ మాట చెప్పనక్కర్లేదు. అయితే అంతకు పావుగంట ముందే ఆమె నిచ్చెన వేసుకుని కొట్టు పైకప్పు ఎక్కి చూసొచ్చింది. మంచు పలచగా, నేలబారుగా ఉంది. దాని మీదుగా పడమటి ఆకాశం నీలంగా కనిపించింది. గాలి పడమటి నుంచే, గంటకి ఇరవై మైళ్ళు ఉండొచ్చు. ఈ తునక ఊరు దాటడానికి నలభై నిమిషాలు. విమానానికి నలభై రెండు. రెండు నిమిషాలు మిగులు.

"కొండ కనిపిస్తోంది," అంది.

బెర్నీకి ప్రాణం లేచొచ్చింది. పదకొండు రోజుల సరుకు తన కాళ్ళకి అడ్డం పడుతోందని, అదృష్టం బాగుండి ఇవాళ దారి దొరికిందని అన్నాడు. ఈసారి వచ్చే సరుకు చూసి నువ్వు నాకు సీల్ నూనె డబ్బా పంపించాలక్కా అని నవ్వాడు కూడా. నారింజపళ్ళు దొరికి ఉంటాయని అగాఫియా అనుకుంది.

ఒంటిగంట పధ్నాలుగుకి విమానం లేచిందని కబురొచ్చింది. అంటే ఒంటిగంట యాభై ఆరుకి చక్రాలు ఇక్కడి మంచుని తాకాలి. యాభైకల్లా ఆమె రన్‌వే చివర ఉంది. అప్పటికే అక్కడ ఇద్దరున్నారు. ఒకడు ఎఫ్రిమ్. వాళ్ళమ్మ కంటి ఆపరేషన్ చేయించుకుని ఈ విమానంలోనే వస్తోంది. రెండోవాడు వసీలీ, అగాఫియా మేనమామ కొడుకు. బావా మరదళ్ళు కాబట్టి ఎదురుపడితే ఒకళ్ళనొకళ్ళు ఏడిపించుకోకుండా కదలడం మర్యాద కాదు. వసీలీకి విమానంతో ఏ పనీ లేదు, ఊరికే వచ్చాడు.

"ఏం మరదలా, ఇవాళ కూడా రేపటి ఆకాశం అమ్మేశావా?" అన్నాడు. తన కిటికీలోంచి ట్యాంకులు దాటి ఏమీ కనిపించలేదట.

నీలాగా ఊరికే కూర్చుని చూసేవాడికి అది కనిపించదులే బావా అని ఆమె అంది.

"కానీలే, వారం ఓపిక పడతాను. నీ మొగుడొస్తున్నాడుగా, చెప్తాను. పాపం, ఈసారి పళ్ళు కూడా లేకుండా వస్తున్నాడు. నిన్నేమనగలడు?"

ఎఫ్రిమ్ నవ్వాడు. అగాఫియా కూడా నవ్వింది. అదే సమయంలో పొగమంచు ఆమె చెప్పినట్టే పలచబడింది. ముందు పొగగొట్టం బయటపడింది. తర్వాత కొండ, దాని మీది మంచు ఎండకి మెరుస్తూ. ఒంటిగంట యాభై మూడు. వసీలీ కొండ వైపు చూసి, మంత్రగత్తెవే నువ్వు అన్నాడు. ఆమె తూర్పుకి తిరిగి నిలబడింది. నమ్మనివాడి ముందు లెక్క నిజమైతే వచ్చే సంతోషం ఆమెకి చాలా ఇష్టం.

ఒంటిగంట యాభై ఆరు. తూర్పున ఏమీ లేదు. చప్పుడు కూడా లేదు.

యాభై ఎనిమిది. బయల్దేరాక ఒకటి రెండు నిమిషాలు అటూ ఇటూ కావడం మామూలే అని ఎఫ్రిమ్‌కి చెప్పింది. గంట రెండయ్యాక వసీలీ జోకులు మానేశాడు. అతను తూర్పు వైపు చూడటం లేదు, పడమటికి చూస్తున్నాడు. అగాఫియా కూడా అటు తిరిగింది. కొండ వెనక ఇంకో పొగమంచు లేచి ఉంది. ఇందాకటిది తునక. ఇది గోడ. కొండకన్నా ఎత్తుగా, ఉత్తరం నుంచి దక్షిణం దాకా ఎక్కడా నీలం లేకుండా ఉంది. పైకప్పు మీంచి ఆమె చూసిన నీలం, ఈ రెండిటి మధ్యన ఉన్న సందు మాత్రమే.

ఆమె బెర్నీకి ఫోన్ చేసింది.

"ఎక్కడ బాబూ నీ విమానం?"

"వస్తోంది అక్కా. పెద్దది రిపేరులో ఉందిగా, చిన్న పాతదాన్ని పంపించాను. దానికి వేగం తక్కువ. పైగా పైన ఎదురుగాలి పాతిక మైళ్ళు కొడుతోంది. గంట దాటుతుంది." తర్వాత గొంతు తగ్గించి నవ్వాడు. "చెప్పొద్దంది గానీ, ఇంక దాచలేను. మీ నెల్లీ అందులోనే ఉంది, పిల్లాడితో. డాక్టరు ముందే వదిలేశాడు. నిన్ను ఆశ్చర్యపెడదామని."

అగాఫియా పడమటి గోడ వైపు చూసింది. బల్లబండి అంచు పట్టుకుంది. బెర్నీ ఇంకేదో చెబుతున్నాడు. ఆమె తల మాత్రం తన అలవాటు ప్రకారం లెక్క మొదలుపెట్టేసింది. చిన్న విమానం గంటకి నూట ఇరవై మైళ్ళు. అందులోంచి పాతిక తీస్తే తొంభై ఐదు. తొంభై ఆరు మైళ్ళకి గంట పైన ఒక నిమిషం. ఒంటిగంట పధ్నాలుగుకి అరవై ఒకటి కలిపితే రెండుంబావు. మంచుని తోసుకొచ్చే గాలిని ఆమె లెక్కలో వేసుకుంది. అదే గాలి విమానాన్ని వెనక్కి లాగుతుందని వేసుకోలేదు. ఏ విమానం వస్తోందని అడగనైనా లేదు. పన్నెండేళ్ళుగా నలభై రెండు, ఇవాళా నలభై రెండే అనుకుంది.

"బెర్నీ, విమానాన్ని వెనక్కి పిలువు," అంది.

కొండ కనిపించడం లేదా అని అతను అడిగాడు. ఇప్పుడు కనిపిస్తోంది, ఇంకాసేపట్లో ఉండదు అని చెప్పింది. అతను తన రేడియోలో పిలిచాడు. ఒకసారి, రెండోసారి, మూడోసారి. అది ఫోన్‌లోంచి ఆమెకి వినిపిస్తూనే ఉంది. జవాబు లేదు. అక్కడ నుంచి అరవై మైళ్ళు దాటాక తక్కువ ఎత్తులో ఎగిరే విమానానికి బెతెల్ మాట అందదు. ఇక్కడి చేతి రేడియోకి పన్నెండు మైళ్ళ లోపుకి వస్తే గానీ పైలట్ మాట అందదు. మధ్యలో పాతిక మైళ్ళు ఎవరి మాటా చేరని చోటు. నెల్లీ, పిల్లాడు, ఎఫ్రిమ్ వాళ్ళమ్మ ఇప్పుడు ఆ చోట్లో ఉన్నారు.

రెండూ నాలుగు. గోడ కొండ దగ్గరికి వచ్చింది. కొండ నుంచి రన్‌వేకి ఐదు మైళ్ళు, గంటకి ఇరవై మైళ్ళ చొప్పున పావుగంట. అంటే రెండూ పంతొమ్మిది. విమానం రెండుంబావుకి. నాలుగు నిమిషాలు మిగులు. ఆ నాలుగు నిమిషాలూ ఆమెకి ఊపిరి ఆడనిచ్చాయి. ఏమీ కాదు, దిగిపోతారు, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదు.

అంతలో పొగగొట్టం పైభాగం మసకబారింది. గోడ ఇంకా కొండ దగ్గరే ఉంది, పొగగొట్టం దానికి మూడు మైళ్ళు ఇవతల. పొగమంచు దూరం నుంచి నడిచి రావడమే కాదు, చలి కుదిరితే ఉన్నచోటే పుట్టుకొస్తుంది కూడా. ఈ సంగతి ఊళ్ళో నడక నేర్చిన ప్రతి పిల్లకీ తెలుసు. ఆమెకీ తెలుసు. నాలుగు నిమిషాలు మిగలాలన్న ఆశలో మర్చిపోయింది.

రెండూ ఎనిమిదికి రేడియో గరగరమంది. గ్రాంట్ గొంతు. నిరుడు కెన్సాస్ నుంచి వచ్చిన పైలట్, ఇరవై ఏడేళ్ళవాడు. చదునైన గోధుమపొలాల దేశంలో ఎగరడం నేర్చినవాడు.

"ఇంగ్రిలిక్, పదకొండు మైళ్ళలో ఉన్నాను. ఏడు నిమిషాల్లో దిగుతాను. ఏం కనిపిస్తోందమ్మా అక్కడ?"

అగాఫియా పడమటికి చూసింది. కొండ లేదు. పొగగొట్టం మొదలు మాత్రం కనిపిస్తోంది. అక్కడి నుంచి ఇక్కడికి ఆరు నిమిషాలు. అతనికి ఏడు. ఆరూ ఏడూ పక్కపక్కనే ఉండే అంకెలు. త్వరగా రా బాబూ అంటే రావచ్చు. ఎన్నిసార్లు ఇంతకన్నా సన్నని సందులోంచి విమానాన్ని దింపలేదు తను?  ఇన్నాళ్ళూ ఏడు నిమిషాలని చెప్పేటప్పుడు ఆమెకి ఏడు నిమిషాలే కనిపించేవి. ఇప్పుడా ఏడు నిమిషాల లోపల పాతిక రోజుల పసివాడు దుప్పటి చుట్టుకుని, నెల్లీ ఒళ్ళో నిద్రపోతున్నాడు.

"కొండ కనిపించడం లేదు బాబూ. వెనక్కి వెళ్ళిపో."

గరగర. "పొగగొట్టమో?"

"మొదలు కనిపిస్తోంది."

"అయితే చాలమ్మా. దిగొచ్చు. ఇక్కడ నాకు నది బాగానే కనిపిస్తోంది. ఇంత దూరం వచ్చి మళ్ళీ వెనక్కంటే, పాపం ముసలావిడ, పసిబిడ్డ..."

అతను వచ్చేస్తాడు. ఆమెకి అది అర్థమైంది. వెనక్కి పొమ్మన్న మాట వదిలేసి, పొగగొట్టం మొదలు కనిపిస్తోందన్న ఆమె మాట మీద లెక్కకట్టి వచ్చేస్తాడు. ఇక్కడ కొంచెం మసక, పర్లేదులే అనుకుంటాడు. ఎందుకంటే పన్నెండేళ్ళుగా ఈ ఊరి మాట తప్పలేదని ప్రతి పైలట్‌కీ చెప్పి పంపిస్తారు.

పక్కనే ఎఫ్రిమ్ నిలబడి వింటున్నాడు. వసీలీ వింటున్నాడు. అగాఫియా మీట నొక్కింది.

"విను బాబూ. నేను బెర్నీతో కొండ కనిపిస్తోందని చెప్పినప్పుడు కొండ కనిపించలేదు. ట్యాంకులే కనిపించాయి. నువ్వు వచ్చేసరికి తెరుచుకుంటుందని నేనే లెక్కేసి చెప్పాను. ఎప్పుడూ అలాగే చెప్తాను. ఇప్పుడు కూడా నా నోట్లోంచి ఏం వస్తుందో నాకే నమ్మకం లేదు. నా మాట మీద దిగొద్దు. వెళ్ళిపో."

ఆమె మీట వదిలి, రేడియో చెవికి ఆనించుకుని విన్నది. గరగర కూడా లేదు.

పొగగొట్టం పూర్తిగా పోయింది. తర్వాత రన్‌వే అవతలి చివర పోయింది. తర్వాత, ఎవరో చేత్తో తుడిచేసినట్టు, ట్యాంకులు పోయాయి. కింద మంచు తెలుపు, పైన పొగమంచు తెలుపు. మధ్యన గీత లేదు. ఇలాంటి తెలుపులోనే పైకి వెళ్తున్నాననుకుంటూ నేలలోకి వెళ్ళిన పైలట్ల పేర్లు ఊరందరికీ తెలుసు. చర్చి వెనక రెండు శిలువలు కూడా ఉన్నాయి.

అప్పుడు ఇంజను చప్పుడు వినిపించింది.

తూర్పు నుంచి. దగ్గరగా. అగాఫియా అనుకున్నదానికన్నా చాలా కిందుగా. చప్పుడు పెరిగింది. ఎఫ్రిమ్ చేతులు పైకెత్తి ఊపుతూ రన్‌వే మీదికి పరిగెత్తాడు, ఆ తెలుపులో అతని చేతులు ఎవరికి కనిపిస్తాయని. చప్పుడు కుడిపక్కకి జరిగింది. మెలి తిరిగింది. ఒక్కసారి గట్టిగా పెరిగి, ఒరిగినట్టు వినిపించి, ఆగిపోయింది.

గాలి మాత్రమే మిగిలింది.

గాలి పడమటిది. విమానం తూర్పుకి తిరిగి దూరమైతే దాని చప్పుడుని గాలి వెనక్కి రానివ్వదు. అందుకే ఆగినట్టు వినిపించి ఉండాలి. లేకపోతే ఇంకో కారణం. ఈ రెండిటిలో ఏది నిజమో, నిలబడి ఉన్న ముగ్గురిలో ఎవరికీ తెలీదు. ఆమె రేడియోలో పిలిచింది. గ్రాంట్, గ్రాంట్. జవాబు లేదు. వెనక్కి వెళ్ళేవాడు జవాబు ఇచ్చి వెళ్ళొచ్చు కదా. లేదూ, కళ్ళు కనిపించని తెలుపులో విమానాన్ని నిలబెట్టుకునేవాడికి మాట్లాడే తీరిక ఉండదేమో.

ఎఫ్రిమ్ తిరిగొచ్చాడు. అరవలేదు. ఆమె ముఖంలోకి చూడలేదు కూడా.

"బెతెల్‌కి ఎంతసేపు అత్తా?"

గాలి వెనక నుంచి తోస్తుంది కాబట్టి నూట నలభై ఐదు. నలభై నిమిషాలు. లెక్క దానంతటదే వచ్చేసింది. ఆమెకి తన తల మీద తనకే అసహ్యం వేసింది.

"గాలిలో ఉంటే నలభై నిమిషాలు," అంది.

ఎఫ్రిమ్ తన మంచుబండి తిప్పుకుని, చప్పుడు ఆగిన వైపు వెళ్ళబోయాడు. వసీలీ అడ్డం పడి తాళం లాక్కున్నాడు. ఈ మంచులో నువ్వు తప్పిపోతే మీ అమ్మకి ఏం చెప్పమంటావురా అన్నాడు. చివరికి ముగ్గురూ నడిచి, ట్యాంకుల దాకా, ఒకళ్ళ కోటు ఒకళ్ళు పట్టుకుని వెళ్ళారు. అక్కడ నిలబడి విన్నారు. ఇంకా పది అడుగులు వేసి మళ్ళీ విన్నారు. మంటల వాసన వస్తుందేమోనని అగాఫియా ముక్కు ఎగబీల్చింది. చమురు వాసన వచ్చింది. తీరా చూస్తే అది ట్యాంకుల దగ్గర ఎప్పుడూ ఉండే వాసన.

బెర్నీకి ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పింది. అతను విని, వెతికేవాళ్ళని సిద్ధంగా ఉండమంటానని పెట్టేశాడు. అక్కా అని కూడా అనలేదు.

ఆ తర్వాత వాళ్ళు రన్‌వే పక్కన రేకుల గదిలో కూర్చున్నారు. ఎఫ్రిమ్ గోడకి ఆనుకుని కళ్ళు మూసుకున్నాడు. అగాఫియా గడియారం తీసి జేబులో వేసుకుంది. నిమిషాలు లెక్కపెట్టకుండా ఉండాలని చూసింది. ఊపిరులు లెక్కపెడుతున్నట్టు కాసేపటికి తెలిసి అదీ ఆపేసింది. అంగాల్గక్ చావు ఆమె చేతిలో లేదు. అతను పడవకి రంగు వేస్తూ వేస్తూ ఒరిగిపోయాడు. ఆమె పక్కన లేదు, ఏమీ చేయగలిగి ఉండేది కాదు. మళ్ళీ పుట్టి, పేరు పెట్టించుకుని, ఇంటికి వస్తున్నవాణ్ణి మాత్రం తన నోటితోనే ఆ తెలుపులోకి పిలిచింది. ఎందుకు? పాలపొడి కోసం. ఖాళీ అరల ముందు నిలబడే ముసలివాళ్ళ ముఖాలు చూడలేక. మంత్రగత్తెవే అని వసీలీ చేత అనిపించుకోవడం కోసం.

వసీలీ ఆమెని ఒక్క మాట కూడా ఏడిపించలేదు. మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని, పరాయి మనిషి పక్కన కూర్చున్నట్టు కూర్చున్నాడు. అతను అలా కూర్చోవడం చూస్తే ఆమెకి భయం ఇంకా ఎక్కువైంది.

ఫోన్ మోగినప్పుడు ముగ్గురూ లేచి నిలబడ్డారు.

దిగారని బెర్నీ చెప్పాడు. రెండూ యాభై ఐదుకి. నలుగురూ బాగున్నారు. విమానం తోకకి కొంచెం మంచు పట్టింది, అంతే. ఎఫ్రిమ్ నేల మీద కూలబడి మొహం కప్పుకున్నాడు. అగాఫియా గోడ పట్టుకుని నిలబడే ఉంది, ఎందుకంటే ఫోన్‌లో ఇప్పుడు నెల్లీ వచ్చింది.

నెల్లీ ఏడుస్తోంది, నవ్వుతోంది. తెల్లగా అయిపోయిందమ్మా, కిటికీ మీద పెట్టిన నా చెయ్యి తప్ప ఏమీ కనిపించలేదు, వీడు మాత్రం ఒక్కసారి కూడా కళ్ళు తెరవలేదు అంటోంది. తర్వాత అంది: "పైలట్ చెప్పాడమ్మా. మీ అమ్మ వెనక్కి పొమ్మనకపోతే నేను దించేసి ఉండేవాణ్ణి అన్నాడు. నువ్వే మమ్మల్ని కాపాడావు."

గ్రాంట్ అంతవరకే చెప్పాడన్నమాట. మిగతాది తన దగ్గరే ఉంచుకున్నాడు, మర్యాదతోనో, జాలితోనో. అగాఫియా అక్కడితో ఊరుకోవచ్చు. కూతురు కాపాడావంటోంది. ఎవరూ ఏమీ పోగొట్టుకోలేదు. వసీలీ ఊళ్ళో చెప్పడు. ఎఫ్రిమ్ చెప్పినా, అమ్మ క్షేమంగా ఉన్నాక వాడికి ఎన్నాళ్ళు గుర్తుంటుంది? ఇదంతా ఆమె తలలో రెండు క్షణాల్లో కూడుకుని సిద్ధమైంది.

"కాదు నెల్లీ," అంది. "మిమ్మల్ని అందులోకి ఎక్కించిందే నేను. కొండ కనిపించలేదు. కనిపిస్తోందని చెప్పాను."

పిల్లాడు లేచినట్టున్నాడు, సన్నగా మూలుగుతున్నాడు. నెల్లీ వాణ్ణి ఊరుకోబెడుతున్న చప్పుడు వినిపించింది. చాలాసేపు ఊరుకోబెట్టింది.

"రేపు పొద్దున మళ్ళీ పంపిస్తామంటున్నారు," అంది చివరికి. గొంతు వేరేగా ఉంది. "అక్కడ ఫోన్ ఎత్తేది ఎవరు? నువ్వయితే నేను ఎక్కనమ్మా. వీణ్ణి తీసుకుని ఎక్కను."

"ఎక్కొద్దు," అంది అగాఫియా. ఆమెకి ఆ మాట కష్టంగా అనిపించలేదు. సరుకు కోసం ఎదురుచూసే మనిషి చేతిలో ఆకాశాన్ని పెట్టడమే మొదటినుంచీ తప్పు. ఇన్నేళ్ళూ ఈ సంగతి తనకి తట్టలేదంటే, తట్టకపోతేనే లాభం కాబట్టి. "మీ వసీలీ పెదనాన్న ఎత్తుతాడు. వాడికి ఏ పెట్టె వచ్చినా ఒకటే, రాకపోయినా ఒకటే."

వసీలీ ఉలిక్కిపడి తల ఎత్తాడు. ఆమె ఫోన్ పెట్టేసి, రేడియో తీసి అతని ఒళ్ళో పెట్టింది. అతను దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"నాకు కళ్ళు సరిగ్గా ఆనవు కదే మరదలా," అన్నాడు. "కొండయినా, ఆ పొగగొట్టమయినా ఎండ బాగా ఉంటేనే కనిపిస్తాయి నాకు."

"కనిపించకపోతే కనిపించలేదని చెప్పు బావా," అంది అగాఫియా. "అంతకన్నా ఏమీ చెప్పకు."